‘ఇంగ్లీషులో పెట్టండి’ : ఒక సలహాపై విమర్శ

1.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు
• కంప్యూటర్‌లో ‘భాష’ అనే ఒక్క మాట కింద ఉన్న నాలుగు వేర్వేరు అమరికలను గుర్తించగలుగుతారు.
• భాష అమరిక వల్ల వచ్చినట్టు కనిపించే దోషానికి అసలు కారణం ఎక్కడుందో తేల్చుకోగలుగుతారు.
• తెరపై తెలుగు చెడిపోయిన తీరును చూసి, సమాచారం మిగిలి ఉందో పోయిందో చెప్పగలుగుతారు.
• ‘సిస్టమ్‌ను ఇంగ్లీషులో పెట్టండి’ అనే సలహాను ఎప్పుడు పాటించాలో, ఎప్పుడు ప్రశ్నించాలో వివేచించగలుగుతారు.

1.1 పరిచయం

విజయవాడలో పటమటను ఆనుకొని ఉన్న ఆటోనగర్ గురించి మీరు వినే ఉంటారు. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ మిషన్లు, కమాన్ కట్టల దుకాణాలు, రేడియేటర్ల మరమ్మతు, టైర్ల రీట్రేడింగ్, స్పేర్ పార్ట్స్ షాపులు పక్కపక్కనే ఉండే పారిశ్రామిక వాడ అది. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చాక ఇలాంటి చోట్ల చాలా షాపుల్లో బిల్లు పుస్తకం పక్కన కంప్యూటర్ చేరింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాల వాహనాలు వచ్చాక, ఇంజన్ లోపం తెలుసుకోవడానికి మెకానిక్ చేతికి స్కానర్ కూడా వచ్చింది. చేతిపని మీద నడిచిన వాడలోకి సాఫ్ట్‌వేర్ ఈ విధంగా ప్రవేశించింది.

ఇప్పుడు ఒక ఉదాహరణను ఊహించుకొందాం. ఆటోనగర్‌లోని ఒక స్పేర్ పార్ట్స్ షాపులో తెలుగు మాధ్యమంలో చదువుకొన్న యువతి లెక్కలు రాస్తుంది. కొత్త కంప్యూటర్ వచ్చిన రోజునే విండోస్ తెరను తెలుగులోకి మార్చుకొంది. యూజర్ ఖాతాను కూడా తన పేరుతో తెలుగులోనే తెరిచింది. వారం తిరగకముందే బిల్లింగ్ ప్రోగ్రాం ఫైలు తెరవలేనని మొండికేసింది. సాఫ్ట్‌వేర్ అమ్మినవారికి ఫోన్ చేస్తే, “ముందు సిస్టమ్ ఇంగ్లీషులో పెట్టండమ్మా, తరువాత చూద్దాం” అన్నారు.

కంప్యూటర్ వాడే ప్రతి తెలుగువారికీ ఈ సలహా ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఈ పాఠ్యభాగంలో మనం విమర్శకు తీసుకొంటున్నది ఆ సలహానే. మన వాదం ఇది: పరీక్షగా చూస్తే ఆ సలహా మంచిదే, చికిత్సగా చూస్తే చెడ్డది. పరీక్షను చికిత్సగా పొరబడితే లోపం ప్రోగ్రాంలోనే ఉండిపోతుంది, నింద మాత్రం భాష మీద పడుతుంది.

1.2 సలహాలోని న్యాయం

ఏ సలహానైనా విమర్శించే ముందు అందులోని న్యాయాన్ని ఒప్పుకోవాలి. భాషను మార్చి చూడడం వల్ల రెండు ప్రయోజనాలు ఉన్నాయి.

మొదటిది, కారణాన్ని వేరు చేయడం. వ్యాను స్టార్ట్ కాకపోతే మెకానిక్ మొదట బ్యాటరీ చూస్తాడు, తరువాత డీజిల్ అందుతోందో లేదో చూస్తాడు. ఒక్కొక్క అంశాన్ని మార్చి చూస్తేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. భాషను మార్చినప్పుడు దోషం పోయిందంటే, భాషకు సంబంధించిన ఏదో ఒక అమరికకూ ప్రోగ్రాంకూ పొసగడం లేదని అర్థం. భాష మార్చినా దోషం అలాగే ఉంటే మరొక వైపు వెతకాలి.

రెండవది, సందేశాన్ని వెతకడానికి వీలు. ఒక దోషం గురించి ఇంగ్లీషులో వందమంది రాసి ఉండవచ్చు, తెలుగులో ఒక్కరూ రాసి ఉండకపోవచ్చు. సందేశం ఇంగ్లీషులో కనిపిస్తే పరిష్కారం త్వరగా దొరుకుతుంది.

అయితే ఈ రెండు ప్రయోజనాలకూ మొత్తం సిస్టమ్‌ను ఇంగ్లీషులోకి మార్చి, అలాగే వదిలేయవలసిన అవసరం లేదు. లినక్స్‌లో దీనికి చక్కని ఏర్పాటు ఉంది. ‘గెట్‌టెక్స్ట్’ అనే పద్ధతిలో రాసిన ప్రోగ్రాంలలో ఇంగ్లీషు వాక్యం తాళంచెవిలా పనిచేస్తుంది. ప్రోగ్రాం ఆ వాక్యాన్ని అనువాదాల పట్టికలో వెతికి, దొరికితే తెలుగు వాక్యాన్ని, దొరకకపోతే ఇంగ్లీషునే చూపుతుంది. కమాండుకు ముందు ‘ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్’ అనే చరరాశికి ‘సీ’ అనే విలువ ఇస్తే, ఆ ఒక్క కమాండు మాత్రమే ఇంగ్లీషులో మాట్లాడుతుంది. మిగతా తెర అంతా తెలుగులోనే ఉంటుంది. పరీక్ష ఎంతవరకు అవసరమో అంతవరకే చేయవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

విండోస్‌లో దోషంతో పాటు తరచుగా ఒక సంఖ్య కూడా వస్తుంది. ఆ సంఖ్య ఏ భాషలోనైనా ఒకటే. 2 అంటే ఫైలు లేదని, 3 అంటే దారి దొరకలేదని, 5 అంటే అనుమతి లేదని, 123 అంటే ఫైలు పేరు రాసిన తీరు చెల్లదని అర్థం. ఈ పద్ధతి ఆటోనగర్‌కు కొత్త కాదు. కారు స్కానర్ ‘పీ 0087’ అని చూపితే ఇంధన పీడనం తక్కువగా ఉందని మెకానిక్ గ్రహిస్తాడు. స్కానర్ తెర చైనా భాషలో ఉన్నా, జర్మన్‌లో ఉన్నా ఆ కోడ్ మారదు. కనుక భాష మార్చే ముందు సంఖ్యను రాసుకోండి. చాలాసార్లు భాష మార్చే అవసరమే రాదు.

1.3 ఒక మాట, నాలుగు అమరికలు

‘ఇంగ్లీషులో పెట్టండి’ అన్నప్పుడు దేనిని పెట్టాలి? సలహా ఇచ్చేవారు సాధారణంగా ఈ ప్రశ్న వేసుకోరు. విండోస్‌లో కనీసం నాలుగు అమరికలు ఒకదానికొకటి వేరుగా పనిచేస్తాయి.

(అ) తెర భాష: మెనూలు, బటన్లు, సందేశాలు ఏ భాషలో కనిపించాలో ఇది నిర్ణయిస్తుంది. ఇది మనిషి కోసం ఉన్నది.

(ఆ) ప్రాంతీయ రూపం: తేదీ, సమయం, అంకెల మధ్య కామాలు, దశాంశ చుక్క ఎలా ఉండాలో ఇది చెబుతుంది. పన్నెండు లక్షల ముప్పైనాలుగు వేల అయిదు వందల అరవైఏడును మనం 12,34,567 అని రాస్తే అమెరికాలో 1,234,567 అని రాస్తారు. జర్మనీలో దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు.

(ఇ) పాత ప్రోగ్రాంల భాష: యూనికోడ్ తెలియని ప్రోగ్రాంలు అక్షరాలను ఏ కోడ్ పేజీ ప్రకారం చదవాలో ఇది చెబుతుంది. రీజియన్ అమరికలలోని ‘అడ్మినిస్ట్రేటివ్’ ట్యాబ్‌లో ‘చేంజ్ సిస్టమ్ లోకేల్’ అనే బటన్ దగ్గర ఇది ఉంటుంది. ఇక్కడ ఏమి ఉందో ఎప్పుడూ చూడనివారే ఎక్కువ.

(ఈ) కీబోర్డు భాష: మీరు మీట నొక్కినప్పుడు ఏ అక్షరం పడాలో ఇది చెబుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కావచ్చు, ఉచ్చారణను బట్టి రాసేది కావచ్చు.

దోషం (ఇ)లో ఉన్నప్పుడు (అ)ను మార్చడం, క్లచ్ జారుతుంటే స్టీరింగ్ కవర్ మార్చడం లాంటిది. ఈ నాలుగింటిని విడివిడిగా చూడకుండా చెప్పిన ఏ సలహా అయినా ఊహే అవుతుంది.

1.4 దోషం ఎవరిది?

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. బిల్లింగ్ ప్రోగ్రాం ఎందుకు ఆగిపోయింది? విండోస్‌లో ఖాతా తెరిచినప్పుడు ఆ పేరుతో ఒక ఫోల్డర్ ఏర్పడుతుంది. ఆ పేరు తెలుగులో ఉంటే ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే ఉంటుంది. విండోస్‌కు దీనితో ఇబ్బంది లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగుకు స్థానం దొరికింది. తెలుగు కోసం అందులో 128 స్థానాలను కేటాయించారు. విండోస్ ఎక్స్‌పీ నుంచి ‘గౌతమి’ ఫాంటుతో తెలుగు కనిపిస్తోంది.

ఇబ్బంది పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాంలతో వస్తుంది. అవి ఫైలు దారిని కోడ్ పేజీ ద్వారా అడుగుతాయి. రష్యన్‌కు 1251, గ్రీకుకు 1253, పశ్చిమ ఐరోపా భాషలకు 1252 అనే కోడ్ పేజీలు ఉన్నాయి. తెలుగుకు అలాంటిది లేదు. 1252లో ఇమడని తెలుగు అక్షరం ప్రతి ఒక్కటీ ప్రశ్నార్థక చిహ్నంగా మారిపోతుంది. విండోస్‌లో ఫైలు పేర్లలో ప్రశ్నార్థక చిహ్నం నిషిద్ధం. అందువల్ల ప్రోగ్రాం ఉండడానికే వీలులేని ఫోల్డర్ కోసం వెతికి, దొరకలేదని చెబుతుంది. సంఖ్య 123 వచ్చిందంటే ఈ కారణాన్నే ముందుగా అనుమానించండి.

ఇప్పుడు సలహాను దీనికి అన్వయించి చూడండి. తెర భాషను ఇంగ్లీషులోకి మార్చితే మెనూలు మారతాయి. ఫోల్డర్ పేరు మారదు. ఖాతాకు తరువాత ఇంగ్లీషు పేరు పెట్టినా ముందు ఏర్పడిన ఫోల్డర్ పేరు అలాగే ఉంటుంది. అంటే ఆ యువతి తనకు అర్థమయ్యే తెరను పోగొట్టుకొంటుంది, దోషం మాత్రం పోదు. ఇక్కడ సరైన పరిష్కారం రోమన్ అక్షరాల పేరుతో కొత్త ఖాతా తెరిచి, దానిలో తెర భాషను తెలుగుగా ఉంచుకోవడం. ప్రోగ్రాం ఒప్పుకొంటే, దాని సమాచారాన్ని వేరే డ్రైవులో రోమన్ పేరున్న ఫోల్డర్‌లో పెట్టడం మరో మార్గం. విండోస్ 10లో 2018 నుంచి సిస్టమ్ లోకేల్ దగ్గర యూటీఎఫ్-8 వాడమనే ఒక గడి కూడా వచ్చింది. దానిని ‘బీటా’ అనే పేరుతోనే పెట్టారు. కొన్ని పాత ప్రోగ్రాంలు దానితో బాగుపడతాయి, కొన్ని చెడిపోతాయి. కనుక ముందు సమాచారానికి నకలు తీసి పెట్టుకొన్న తరువాతే దానిని ప్రయత్నించండి.

ఇది తెలుగుకు మాత్రమే వచ్చిన కష్టం కాదు. ఇంగ్లీషు విండోస్‌లో అందరినీ సూచించే సమూహం పేరు ‘ఎవ్రీవన్’. జర్మన్ విండోస్‌లో అదే సమూహం పేరు ‘యేడర్’. ‘ఎవ్రీవన్’ అనే మాటను నేరుగా రాసిన స్క్రిప్టు జర్మన్ యంత్రంలో అలాంటి సమూహం లేదని ఆగిపోతుంది. ఆ సమూహానికి అన్ని భాషలలోనూ మారని ఒక గుర్తింపు సంఖ్య ఉంది. దానిని వాడిన స్క్రిప్టు ఎక్కడైనా నడుస్తుంది.

టర్కీ భాషలో రోమన్ ‘ఐ’ అక్షరానికి చుక్క ఉన్నదీ లేనిదీ అని రెండు రూపాలు ఉన్నాయి. చిన్న అక్షరానికి చుక్క ఉంటే దాని పెద్ద అక్షరానికి కూడా చుక్క ఉంటుంది. ఆ భాష అమరికలో ఒక ఇంగ్లీషు మాటను పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాలలోకి మార్చితే వేరే మాట తయారవుతుంది. ‘టైటిల్’ అనే మాటతోనే జావా భాష పత్రాలు ఈ విషయంలో ప్రోగ్రామర్లను హెచ్చరిస్తాయి. మన పొరుగున ఉన్న మరాఠీలో అంకెలను దేవనాగరిలో చూపడమే ప్రమాణ అమరిక. మరాఠీ పెట్టుకొన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక యాప్ మొత్తాన్ని మరాఠీ అంకెలలో రాసి సర్వర్‌కు పంపితే సర్వర్ దానిని తిరస్కరించవచ్చు. తెలుగుకు ప్రమాణ అమరికలో 0 నుంచి 9 వరకు మామూలు అంకెలే ఉన్నాయి కాబట్టి మనం ఈ చిక్కు నుంచి తప్పించుకొన్నాం.

ఈ ఉదాహరణలన్నింటిలోనూ కారణం ఒక్కటే. మనిషికి చూపవలసిన మాటనూ, యంత్రం యంత్రానికి చెప్పవలసిన మాటనూ ప్రోగ్రాం రాసినవారు కలిపివేశారు. తెర మీద ఏ భాష ఉన్నా, లోపల యంత్రాలు పరస్పరం మార్చుకొనే రూపం స్థిరంగా ఉండాలి. ఆ నియమాన్ని తప్పినది ప్రోగ్రాం. వాడుకరి తన భాషను ఎంచుకోవడంలో ఏ తప్పూ లేదు.

1.5 ఇంగ్లీషు తటస్థమా?

‘ఇంగ్లీషులో పెట్టండి’ అనే సలహా వెనుక ఒక నమ్మకం ఉంది. ఇంగ్లీషు అమరిక ఏ ప్రాంతానికీ చెందనిదని, అందుకే భద్రమైనదని అనుకొంటారు. ఇది నిజం కాదు. విండోస్‌లో ఇంగ్లీషుకు అమెరికా, బ్రిటన్, ఇండియా వంటి అనేక రూపాలు ఉన్నాయి. తొందరలో అమెరికా రూపాన్ని ఎంచుకొంటే ప్రాంతీయ రూపం కూడా దానితో పాటు మారే వీలుంది. అమెరికా పద్ధతిలో ముందు నెల, తరువాత రోజు వస్తాయి.

ఆటోనగర్‌లో లారీల బీమా, ఫిట్‌నెస్, పర్మిట్ గడువులను ఎక్సెల్ పట్టికలో రాసుకొనే షాపును ఊహించండి. మరో కంప్యూటర్ నుంచి వచ్చిన జాబితాలో ఒక లారీ బీమా గడువు 04/03/2025 అని ఉంది. మన లెక్కలో అది మార్చి 4. అమెరికా రూపంలో ఉన్న ఎక్సెల్ దానిని ఏప్రిల్ 3గా చదువుతుంది. బీమా లేకుండా లారీ నెల రోజులు రోడ్డు మీద తిరిగినా పట్టిక హెచ్చరించదు. ఆ నెలలో ప్రమాదం జరిగితే నష్టం యజమాని మీద పడుతుంది. దోష సందేశం రాదు, తెర ఇంగ్లీషులో అందంగానే ఉంటుంది.

13 మిల్లీమీటర్ల స్పానర్ అర అంగుళం బోల్టుకు పట్టినట్టే ఉంటుంది. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. బిగించేటప్పుడు అంచులు అరిగిపోయాక గాని తేడా తెలియదు. తేదీల పొరపాటు కూడా అటువంటిదే. దీనిని పట్టుకోవడానికి ఒక సులభమైన గుర్తు ఉంది. అమెరికా పద్ధతిలో 25/03/2025 అనేది చెల్లదు, ఎందుకంటే 25వ నెల లేదు. ఎక్సెల్ దానిని తేదీగా కాక మామూలు రాతగా ఉంచేస్తుంది. రాత ఎడమ అంచుకు, తేదీ కుడి అంచుకు చేరతాయి. ఒకే వరుసలో కొన్ని తేదీలు ఎడమకు, కొన్ని కుడికి ఉంటే కుడివైపు ఉన్నవాటిని నమ్మకండి. ప్రాంతీయ రూపాన్ని ఇండియాకు మార్చి, జాబితాను మూలం నుంచి మళ్లీ దిగుమతి చేసుకోండి. యంత్రాల మధ్య పంపే జాబితాలలో 2025-03-04 అన్నట్టుగా ఏడాది, నెల, రోజు వరుసలో రాస్తే ఈ సందిగ్ధత ఉండదు.

1.6 చెడిపోయిన తెలుగును చదవడం

వైద్యుడు నాడి చూసినట్టు, తెలుగు ఏ విధంగా చెడిపోయిందో చూసి కారణం చెప్పవచ్చు. నాలుగు లక్షణాలను గుర్తుంచుకోండి.

(అ) ఖాళీ గళ్లు: అక్షరాల స్థానంలో చిన్న చతురస్రాలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం. సమాచారం క్షేమంగా ఉంది. తెలుగు ఫాంటు చేర్చితే సరిపోతుంది.

(ఆ) వింత గుర్తుల వరుస: గీత ఉన్న చిన్న రోమన్ ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు, ఆ తరువాత మరేదో గుర్తు మళ్లీ మళ్లీ కనిపిస్తే, యూటీఎఫ్-8లో ఉన్న తెలుగును 1252 కోడ్ పేజీతో చదువుతున్నారని అర్థం. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. అందుకే మూడేసి గుర్తులు వస్తాయి. ఇక్కడ కూడా సమాచారం క్షేమమే. సీఎస్‌వీ ఫైలును నేరుగా డబుల్ క్లిక్ చేయకుండా, ఎక్సెల్‌లోని ‘డేటా’ మెనూ ద్వారా తెచ్చుకొని 65001 అనే సంకేతాన్ని ఎంచుకోండి. అది యూటీఎఫ్-8 సంఖ్య.

(ఇ) ప్రశ్నార్థక చిహ్నాలు: పేర్ల స్థానంలో వరుసగా ప్రశ్నార్థకాలు ఉండి, ఫైలును ఆ స్థితిలోనే భద్రపరిచి ఉంటే ఆ ఫైలులోని తెలుగు పోయినట్టే. ఏ అమరిక మార్చినా తిరిగి రాదు. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీ రూపంలో భద్రపరిచినప్పుడు ఇలా జరుగుతుంది. ఎక్సెల్ 2016లో చేరిన ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ రూపాన్నే వాడండి. నకలు లేకుండా ఇటువంటి ప్రయోగాలు చేయకండి.

(ఈ) అర్థం లేని రోమన్ అక్షరాలు: డీటీపీ కేంద్రం నుంచి వచ్చిన ఫైలు ఇలా కనిపిస్తే అది ‘అను’ వంటి పాత పద్ధతి ఫాంటులో టైపు చేసినది కావచ్చు. ఆ పద్ధతిలో రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు బొమ్మలను ఉంచారు. కాగితం మీద ముద్రణకు అది బాగా ఉపయోగపడింది, విజయవాడ ముద్రణాలయాలు దాని మీద ఎంతో పని చేశాయి. అయితే యంత్రం దృష్టిలో అది తెలుగు కాదు. దానిలో వెతకడం, అకారాది క్రమంలో పెట్టడం కుదరదు. యూనికోడ్‌లోకి మార్చిన తరువాతే బిల్లింగ్ ప్రోగ్రాంలోకి ఎక్కించాలి.

ఈ నాలుగింటిలో ఒక్కదానికి కూడా తెర భాషను ఇంగ్లీషులోకి మార్చడం మందు కాదని గమనించండి.

1.7 కంటికి కనిపించని తేడాలు

‘టైరు’ అనే మాటను తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు. లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అనే రెండు సంకేతాలుగా రాయవచ్చు. రెండూ తెరపై ఒకేలా కనిపిస్తాయి. రెండింటినీ సమానంగా చూడాలని యూనికోడ్ నియమం చెబుతోంది. ఆ నియమాన్ని పాటించని ప్రోగ్రాం మాత్రం ‘టైరు’ను రెండు వేర్వేరు సరుకులుగా లెక్కిస్తుంది.

‘గేర్‌బాక్స్’ విషయం మరింత తరచుగా ఎదురవుతుంది. ర-కారం కింద బ-కారం వత్తుగా పడకుండా ఉండడానికి వాటి మధ్య కనిపించని విభజక చిహ్నాన్ని ఉంచుతాం. ఒకరు దానిని ఉంచి, మరొకరు ఉంచకుండా రాస్తే స్టాకు జాబితాలో రెండు పద్దులు తయారవుతాయి. గోదాములో సరుకు ఉంటుంది, తెర మాత్రం లేదంటుంది. సరుకుకు పేరుతో పాటు ఒక పార్ట్ నంబరు ఇచ్చి, వెతకడం నంబరుతో, చదవడం తెలుగుతో జరిగేలా చూసుకోవడం దీనికి పరిష్కారం.

ఈ కనిపించని చిహ్నమే 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా వార్తలలోకి ఎక్కింది. ‘జ్ఞా’ అనే అక్షరం లోపల విభజక చిహ్నం ఉన్న ఒక ప్రత్యేక వరుసను చూపబోయి ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ అదే నెల 19న 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. అప్పట్లో తెలుగు అక్షరమే ఐఫోన్‌ను దెబ్బతీసిందన్నట్టుగా చాలామంది మాట్లాడారు. వాస్తవంలో దెబ్బతిన్నది అక్షరాలను తెరపై అమర్చే సాఫ్ట్‌వేర్. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకు కూడా అదే జరిగింది. అక్కడ ఎవరూ తెలుగువారిని జ్ఞానం అనే మాట రాయడం మానమని చెప్పలేదు, తయారీదారు సాఫ్ట్‌వేర్‌ను మార్చాడు. పెద్ద సంస్థ విషయంలో సహజంగా తోచిన ఈ న్యాయం ఆటోనగర్ బిల్లింగ్ ప్రోగ్రాంకు ఎందుకు వర్తించకూడదు?

1.8 తెలుగు సందేశాల బలహీనత

నింద అంతా ఇంగ్లీషు సలహా మీదనే వేయడం కూడా సరికాదు. తెర తెలుగులో ఉన్నా అర్థం కాకపోతే వాడుకరి తనంతట తానే ఇంగ్లీషుకు మారతాడు. ‘కోరబడిన వనరు లభ్యము కాదు’ వంటి వాక్యాన్ని ఊహించండి. ఏ వనరు? ఎవరు కోరారు? ఇప్పుడు ఏమి చేయాలి? ఆ వాక్యంలో ఒక్కదానికీ జవాబు లేదు. ఇంగ్లీషు కర్మణి వాక్యాన్ని మాటకు మాట దించడం వల్ల ఈ స్థితి వస్తుంది.

వ్యాకరణం కూడా అడ్డు వస్తుంది. ఇంగ్లీషు సందేశంలో ఫైలు పేరు కోసం ఒక ఖాళీ ఉంచితే చాలు. తెలుగులో విభక్తి పేరుకు అంటుకోవాలి, ‘బిల్లును’ అంటాం, ‘రవిని’ అంటాం. ముందే ‘ను’ అని రాసి పెట్టిన అనువాదం సగం పేర్లకు తప్పవుతుంది. ఒకే ఫైలును తొలగించినా ‘1 ఫైళ్లు’ అని చూపడం ఇటువంటిదే. దీనికి తెలుగులోనే మార్గం ఉంది. ‘బిల్లు అనే ఫైలును తెరవలేకపోయాం’ అని రాస్తే ఏ పేరుకైనా సరిపోతుంది. మంచి సందేశం ఏమి జరిగిందో, ఏ వస్తువుకు జరిగిందో, ఇప్పుడు ఏమి చేయాలో చెప్పి, చివర దోష సంఖ్యను ఇవ్వాలి. సందేశం మనిషికి, సంఖ్య వెతకడానికి ఉపయోగపడతాయి. అప్పుడు భాష మార్చవలసిన పని తగ్గుతుంది.

1.9 ఒక అభ్యంతరం

“ఇవన్నీ బాగానే ఉన్నాయి గాని, లోడు లారీ గేటు దగ్గర నిలబడి ఉంటే బిల్లు రావాలి కదా?” అని మీరు అడగవచ్చు. ఇది సమంజసమైన అభ్యంతరమే. అటువంటి సమయంలో ఇంగ్లీషులోకి మార్చి పని జరుగుతుంటే జరిపించండి. టైరు పంక్చరైతే స్టెప్నీ వేసుకొని ముందుకు వెళ్లినట్టే ఇది. అయితే స్టెప్నీతోనే ఏడాదంతా తిరగరు. సాయంత్రం షాపు మూసే ముందు నాలుగు అమరికలలో దేనివల్ల దోషం పోయిందో చూసి, మిగతా మూడింటిని తిరిగి తెలుగుకు తెచ్చుకోండి.

తిరిగి తేకపోతే నష్టం చిన్నది కాదు. మన ఉదాహరణలోని యువతి నిన్నటి వరకు తెరపై వచ్చిన ప్రతి మాటను చదివి తానే నిర్ణయం తీసుకొనేది. ఇప్పుడు ప్రతి చిన్న సందేశానికీ ఎవరినో పిలవాలి. “తెలుగు పెడితే కంప్యూటర్ పాడవుతుంది” అని యజమాని తీర్మానిస్తాడు. తరువాత వచ్చే ఉద్యోగిని ఇంగ్లీషు వచ్చునా అని మాత్రమే అడుగుతాడు, లెక్కలు వచ్చునా అని అడగడు. సాంకేతిక దోషం ఇలా ఉద్యోగార్హత అవుతుంది. తెలుగు మాధ్యమంలో చదువుతున్న మీకు ఈ విషయం సూటిగా తగులుతుంది.

సాఫ్ట్‌వేర్ అమ్మినవారికి ఫిర్యాదు చేసేటప్పుడు ‘తెలుగులో పనిచేయడం లేదు’ అని మాత్రమే రాయకండి. దోష సంఖ్య, నాలుగు అమరికల విలువలు, ఫోల్డర్ పూర్తి దారి, తెర చిత్రం పంపండి. ఏ అమరిక మార్చినప్పుడు దోషం పోయిందో చెప్పండి. అలా రాసిన ఫిర్యాదును ‘ఇంగ్లీషులో పెట్టండి’ అనే ఒక్క మాటతో తోసివేయడం కష్టం.

1.10 సారాంశం

భాషను మార్చి చూడడం దోష నిర్ణయానికి ఉపయోగపడే పరీక్ష. తెర భాష, ప్రాంతీయ రూపం, పాత ప్రోగ్రాంల భాష, కీబోర్డు అనే నాలుగు అమరికలు వేర్వేరు. ఫోల్డర్ పేరు వల్ల వచ్చే దోషానికి తెర భాషతో సంబంధం లేదు. ఇంగ్లీషు అమరిక కూడా ఒక ప్రాంతానికి చెందినదే, తేదీలను తారుమారు చేయగలదు. గళ్లు, వింత గుర్తులు కనిపిస్తే సమాచారం ఉంది. భద్రపరిచిన ఫైలులో ప్రశ్నార్థకాలు ఉంటే పోయింది. మనిషికి చూపే భాషనూ యంత్రాల మధ్య రూపాన్నీ వేరుగా ఉంచడం ప్రోగ్రాం రాసేవారి బాధ్యత. తెలుగు సందేశాలను అర్థమయ్యేలా రాయడం అనువదించేవారి బాధ్యత. దోషం ఎక్కడుందో తేల్చి చెప్పడం ఇకపై మీరు చేయగల పని.

1.11 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. తెర భాషకూ, పాత ప్రోగ్రాంల భాషకూ ఉన్న భేదమేమిటి? ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.
2. ఒక పట్టికలో కొన్ని తేదీలు ఎడమ అంచుకు, కొన్ని కుడి అంచుకు ఉన్నాయి. కారణం ఏమై ఉండవచ్చు?
3. మీ కంప్యూటర్‌లో లేదా మీకు దగ్గరలోని అధ్యయన కేంద్రం కంప్యూటర్‌లో నాలుగు అమరికల విలువలను చూసి రాయండి.
4. మీకు కనిపించిన ఒక తెలుగు దోష సందేశాన్ని తీసుకొని, 1.8లో చెప్పిన లక్షణాల ఆధారంగా విమర్శించి, మీ మాటల్లో తిరిగి రాయండి.
5. ‘దోషం భాషది కాదు, ప్రోగ్రాంది’ అనే వాదాన్ని మీరు ఎంతవరకు అంగీకరిస్తారు? సోదాహరణంగా చర్చించండి.